జీపు నడుపుకుంటూ పోవాలా, లారీ ఎక్కించాలా?

తాడిపత్రిలో బండలు కోసే ఫ్యాక్టరీల దగ్గర లారీ పెట్టె ఎత్తుకు సరిపోయేలా రాళ్లతో కట్టుకున్న అరుగులు ఉంటాయి. బండలు లోడు చేయడానికి అవి వీలుగా ఉంటాయి. మొన్న జనవరిలో ఒక ఆదివారం, రాత్రి ఎనిమిదిన్నరకు అలాంటి ఒక అరుగు మీద, వంకల్లో రాళ్లు ఎక్కించే ఆట కోసం మార్పులు చేసుకున్న మా మారుతి జిప్సీ జీపు నిలబడి ఉంది. వెనక ఎడమ చక్రం ఉండాల్సిన చోటు నుంచి నాలుగు వేళ్లు వెనక్కి జరిగి మడ్‌గార్డుకు రాసుకుంటోంది. కమాన్ కట్ట, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు, మధ్యలో ఉండే సెంటర్ బోల్ట్ తెగిపోయింది. వేలెడంత బోల్టు. అది పోతే యాక్సిల్‌ను, అంటే చక్రాల ఇరుసును, కమాన్ కట్ట మీద సరైన చోట నిలిపి ఉంచేది ఉండదు. యాక్సిల్ ఒకవైపు జారి, బండి పీతలా పక్కకు నడుస్తుంది.

వంకలో నుంచి ఆ అరుగు దాకా నాలుగు కిలోమీటర్లు మనిషి నడిచే వేగంతో తెచ్చాం. ఇంకా అనంతపురానికి 60 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ ఉంది. పొద్దున అదే రోడ్డు మీద హాయిగా మాట్లాడుకుంటూ వచ్చాం. దారిలో టీ కూడా తాగాం. ఇప్పుడు అదే రోడ్డును తలచుకుంటే కడుపులో తిప్పుతోంది.

బయల్దేరే ముందు రోజు మా మెకానిక్ అన్నను అడిగాను, "అన్నా, తాడిపత్రి దాకా బండి నడుపుకుంటూ పోవచ్చా?" అని. ఆయన బానెట్ కిందినుంచి తల ఎత్తకుండానే అన్నాడు, "పోయేదానికేం, పోతాది. వచ్చేదాని సంగతి చెప్పు." ఆ రోజు ఆ మాట పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పేది అదే. కొండలు, వంకలు ఎక్కించడానికి మార్పులు చేసిన బండిని అక్కడికి నడుపుకుంటూ పోవాలా, ఇంకో బండి మీద ఎక్కించుకుని పోవాలా అన్నది పోయే దారిని చూసి తేల్చుకునేది కాదు. బండి పొద్దున బాగుంటుంది, మనం ఒళ్లు విరుచుకుని ఉత్సాహంగా ఉంటాం. సాయంత్రానికి రెండూ తారుమారవుతాయి.

ముందు, మార్పులు చేసిన బండి తారురోడ్డు మీద ఎందుకు ఇబ్బంది పెడుతుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే తేలుతుంది.

టైర్లతో మొదలుపెడదాం. మట్టిలో పట్టు దొరకాలని పెద్ద పెద్ద గడులున్న మడ్ టైర్లు వేస్తాం. ఆ గడుల మధ్య ఖాళీలే బురదను విసిరేస్తాయి. తారురోడ్డు మీద అవే ఖాళీల వల్ల రోడ్డుకు ఆనే రబ్బరు తగ్గుతుంది. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆ తేడా కాలికి తెలుస్తుంది. దానికితోడు సైజు. 26 అంగుళాల ఎత్తున్న టైరు తీసి 29 అంగుళాలది వేశామనుకోండి, చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు మాత్రం ఆ సంగతి తెలియదు. ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు బండి నిజంగా 89లో పోతుంటుంది. మీటరు 100 కిలోమీటర్లు చూపించేసరికి మనం 111 దాటేసి ఉంటాం. పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ, దాన్ని ఆపడానికి బ్రేకు మీద పడే భారమూ ఎక్కువ. పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉంటాయి. అంటే మనం అనుకున్నదానికంటే వేగంగా పోతూ, అనుకున్నదానికంటే ఆలస్యంగా ఆగుతాం.

తర్వాత ఎత్తు. బండిని పైకి లేపడం వల్ల బరువు కేంద్రం పైకి జరుగుతుందని అందరికీ తెలుసు. తక్కువ మందికి తెలిసినది ముందు చక్రాల వాలు సంగతి. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, నిటారుగా ఉండదు, కాస్త వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే హ్యాండిల్ వదిలినా చక్రం తిన్నగా నిలబడాలని చూస్తుంది. జీపు ముందు చక్రాలకూ అలాంటి వాలు ఉంటుంది, మెకానిక్కులు దాన్ని క్యాస్టర్ అంటారు. కమాన్ కట్ట కొసను బండి చట్రానికి తగిలించే ఇనుప ముక్కలను షాకిళ్లు అంటారు. ముందు కమాన్ల షాకిళ్లు ముందువైపు ఉండే పాత జీపుల్లో ఆ షాకిళ్లు పొడవు చేసి బండిని లేపితే యాక్సిల్ తిరిగిపోయి ఆ వాలు తగ్గుతుంది. అప్పుడు తిన్నగా నిలబడే గుణం పోతుంది. దానికి అరిగిన కింగ్ పిన్‌లు, వదులైన టై రాడ్ ఎండ్‌ల లాంటి స్టీరింగ్ కీళ్లు, బ్యాలెన్స్ లేని పెద్ద టైర్లు తోడైతే, ఒక చిన్న గుంత తగిలినా స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు ఊగడం మొదలవుతుంది.

నాకు అది గుత్తి దాటాక హైవే మీద జరిగింది. 75 దగ్గర వంతెన జాయింటు మీద చక్రం ఎక్కింది, అంతే. డ్యాష్‌బోర్డు, అద్దం, నా మోచేతులు అన్నీ ఒకేసారి కొట్టుకున్నాయి. బోల్టు ఊడిపోయి చక్రం పోతుందేమో అనుకున్నాను. అలాంటప్పుడు స్టీరింగ్‌తో కుస్తీ పట్టకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు. గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం దానంతట అది తగ్గేదాకా ఓపిక పట్టాలి. వెనక లారీ ఉన్నప్పుడు ఆ ఓపిక ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. ముందు చక్రాలు రెండూ ఒకే బీమ్ యాక్సిల్ మీద ఉండే జిప్సీ, పాత మహీంద్రా జీపుల్లాంటి వాటికే ఈ జబ్బు ఎక్కువ. కొత్త థార్‌లో ముందు చక్రాలు దేనికదే కదులుతాయి కాబట్టి ఈ బాధ అంతగా ఉండదు.

ఇక కంటికి కనబడని మార్పులు. రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్ల అమరికను డిఫరెన్షియల్ అంటారు. దాన్ని వెల్డింగ్ చేయించేవాళ్లు ఉన్నారు. రాళ్ల మీద ఒక చక్రం గాల్లో లేచినా రెండోది తోయాలని అలా చేస్తారు. వంకలో అద్భుతంగా పనిచేస్తుంది. రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. వెల్డింగ్ చేశాక రెండూ ఒకే లెక్కన తిరుగుతాయి, కాబట్టి ఏదో ఒక టైరు ఈడ్చుకుపోవాల్సిందే. టైరు అరుగుతుంది, లోపలి షాఫ్టులు మెలిపడతాయి, తడి రోడ్డు మీద వెనక భాగం జారుతుంది. నా మాట అడిగితే, డిఫరెన్షియల్ వెల్డింగ్ చేయించిన రోజే ఆ బండి రోడ్డు బండిగా పనికిరాకుండా పోయినట్టే. దాన్ని ఎక్కించుకునే పోవాలి.

రోల్ కేజ్, అంటే బండి లోపల బిగించే ఇనుప పైపుల చట్రం, సంగతి కూడా చెప్పాలి. బండి పల్టీ కొడితే కాపాడేది అదే. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని ఉన్నప్పుడు అది ప్రాణం నిలుపుతుంది. హెల్మెట్ లేకుండా రోడ్డు మీద పోతూ ఎవరికైనా గుద్దితే, తలకు జానెడు దూరంలో ఉన్న ఆ ఇనుప పైపే తలకు తగులుతుంది. మందపాటి ప్యాడింగ్ లేకుండా కేజ్ ఉన్న బండిలో పిల్లల్ని కూర్చోబెట్టి ఊరు దాటించకండి.

ఎండ గురించి మా జిల్లావాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రేడియేటర్ ముందు వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే చుట్ట), దాని పైన లైట్లు, వీటికి తోడు ఏప్రిల్ ఎండ. వంకలో నెమ్మదిగా పోయేటప్పుడు ఫ్యాన్ లాక్కొస్తుంది. హైవే మీద ఒకే వేగంతో గంటసేపు పోతే ముల్లు నెమ్మదిగా పైకి పాకుతుంది. ఆగి చల్లారనివ్వడం తప్ప వేరే దారి లేదు.

ఇదంతా బండి బాగున్నప్పటి సంగతి. సాయంత్రం దానికి ఇంకొన్ని తోడవుతాయి. రాళ్ల మీద పట్టు కోసం టైర్ల గాలి 16, 18కి దించి ఉంటాం. ఆ గాలితోనే హైవే ఎక్కితే టైరు పక్కలు మడతపడి వేడెక్కుతాయి, గట్టి మలుపులో అంచు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదమూ ఉంటుంది. చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లూ నింపాలంటే అరగంట పైనే. చీకటి పడుతుంటే, ఆకలేస్తుంటే ఆ అరగంటను మింగేయాలనిపిస్తుంది. టై రాడ్ ఎక్కడో రాయికి తగిలి కాస్త వంగి ఉంటుంది, కనబడదు. బ్రేకు డ్రమ్ముల్లో నీళ్లు, ఇసుక. హెడ్‌లైట్ మీద మట్టి. డ్రైవరు ఎనిమిది గంటలు ఎగిరిపడి ఉన్నాడు. రోడ్డు మీద వెనక లైటు లేని ట్రాక్టర్లు, రంగు పోయిన స్పీడ్ బ్రేకర్లు, రాత్రి పాలు పోయడానికి పోయే సైకిళ్లు. పొద్దున ఇవేవీ లెక్కలోకి రావు.

అందుకే నేను ఒక మాట గట్టిగా చెబుతాను. ఒకవైపుకు మాత్రమే డబ్బు పెట్టగలిగితే, ఆ డబ్బు తిరుగు ప్రయాణానికి పెట్టండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. బండి అలసిపోకూడదని పోయేటప్పుడు ఎక్కించుకుని పోతారు, వచ్చేటప్పుడు ఖర్చెందుకని నడుపుకుంటూ వస్తారు. పొద్దున బాగున్న బండి లారీ మీద, సాయంత్రం దెబ్బతిన్న బండి రోడ్డు మీద. ఇంతకంటే తప్పు లెక్క ఇంకోటి ఉండదు.

మా వైపు ఈ తప్పు జరగడానికి ఒక కారణం కూడా ఉంది. బండల కోసం తాడిపత్రి, బేతంచర్ల వైపు ఖాళీగా పోయే లారీలు దొరుకుతాయి. ఖాళీగా పోయేదానికి ఏదో ఒకటి వస్తుంది కదా అని తక్కువకే జీపును ఎక్కించుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు అవే లారీలు నిండా బండలతో ఉంటాయి. ఆ రాత్రి మాకు జరిగింది ఇదే. మేము నిలబడ్డ అరుగు ముందు నుంచి లారీలు పోతూనే ఉన్నాయి, ఒక్కదానిలో జాగా లేదు. చివరికి దాణా బస్తాలు దించి అనంతపురం వైపు ఖాళీగా వెళ్తున్న ఒక ఐషర్ చిన్న లారీ దొరికింది. రిటర్న్ లోడ్ ఎటు దొరుకుతుందో ముందే కనుక్కుని పెట్టుకుంటే ఈ అవస్థ తప్పేది.

ఇక ఎక్కించడం అంటే ఏమిటో చూద్దాం. కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించి, దాని మీద జీపు పెట్టి లాక్కుపోవడం అమెరికా, ఆస్ట్రేలియాల్లో మామూలు. మన దగ్గర అరుదు. చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా ఒక వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. జీపు, ట్రైలర్ కలిపి రెండు టన్నుల దాకా తేలుతాయి, దాన్ని లాగే బండి, ఆపే బ్రేకులు అంత గట్టివి కావాలి. బరువు సర్దడంలో కూడా నేర్పు ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందున్న బండి కొక్కెం మీద ఆనాలి. జీపును బాగా వెనక్కి నిలబెడితే ఆ కొక్కెం పైకి లేస్తుంది, వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది. ఆ ఊగుడు మొదలయ్యాక బ్రేకు తొక్కితే ఇంకా పెరుగుతుంది. ఇంత తతంగం, పైగా ట్రైలర్ పెట్టుకోవడానికి జాగా. నెలకు రెండుసార్లు దూరం పోయేవాళ్లకు తప్ప సొంత ట్రైలర్ గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీ మీద ఎక్కించి పక్క ఊరికి తీసుకుపోవడం వేరే సంగతి, నెమ్మదిగా పోతుంది, పదీ పదిహేను కిలోమీటర్లకు అది చాలు.

కాబట్టి మనకు నిజంగా మిగిలేది ఐషర్ లాంటి చిన్న లారీ, లేదా కార్లు మోసే ఫ్లాట్‌బెడ్. బొలెరో పికప్ చాలదా అని చాలామంది అడుగుతారు. జిప్సీ పొడవు నాలుగు మీటర్లు, అంటే 13 అడుగులు. కొత్త థార్ కూడా దాదాపు అంతే. పికప్ పెట్టె తొమ్మిది పది అడుగులకు మించదు. వెనక తలుపు తెరిచి సగం జీపును గాలికి వదిలేస్తే అది ఎక్కించడం అనిపించుకోదు. 14 అడుగుల పెట్టె కావాలి.

ఎక్కించేటప్పుడు రెండు చెక్క పలకలు వాల్చి పైకి తోలేయవచ్చు అనుకుంటారు. వద్దు. పలక జారినా, విరిగినా బండి పక్కకు పడుతుంది. మన ఊళ్లలో అంతకంటే మంచి ఏర్పాట్లు ఉన్నాయి. బండల ఫ్యాక్టరీ అరుగు, చెరువు కట్ట, రోడ్డు పక్క మట్టి దిబ్బ. లారీని వెనక్కి తెచ్చి పెట్టె అంచును అరుగుకు ఆనిస్తే జీపు చదునుగా లోపలికి పోతుంది. ఆ రాత్రి ఐషర్ డ్రైవర్ అన్న టార్చి పట్టుకుని ఎడమ చక్రం పక్కనే నడుస్తూ, "కొంచెం, కొంచెం, రా తమ్ముడూ, ఇంకొక జానెడు, చాలు" అని తెచ్చిపెట్టాడు. పెట్టెకూ అరుగుకూ మధ్య బెత్తెడు సందు ఉంది, అందులో ఒక కడప బండ ముక్క పరిచాడు.

కట్టడంలో ఆయన అలవాటు వేరు. బానెట్ మీదుగా మోకు వేసి పెట్టె రింగులకు బిగించబోయాడు. అలా కడితే జీపు తన కమాన్ల మీద తాను ఎగురుతూ మోకును వదులు చేస్తుంది, రేకు సొట్ట పడుతుంది. కట్టాల్సింది పైన కాదు, కింద. యాక్సిల్‌కు రాట్చెట్ బెల్టు (పళ్ల చక్రంతో బిగించే పట్టీ) వేసి, నాలుగు మూలలా నాలుగు వైపులకు లాగి కట్టాలి. అప్పుడు పైన బండి ఎంత ఊగినా కింద చక్రం కదలదు. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉండిపోతే గేరులో పెట్టినా బండిని ఆ గేరు పట్టదు. ఆ లివర్ ఒకసారి చేత్తో కదిపి చూసుకోవాలి. బయల్దేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఆగి బెల్టులు మళ్లీ బిగించాలి, ఎందుకంటే టైర్లు సర్దుకుని బెల్టు తప్పక వదులవుతుంది. మేము బుక్కరాయసముద్రం చేరేలోపు రెండుసార్లు ఆగాం. రెండుసార్లూ రాట్చెట్ మూడు నాలుగు పళ్లు తిరిగింది.

ఎత్తు కూడా కొలుచుకోవాలి. పెట్టె నేల నుంచి మీటరు ఎత్తు, పైన జీపు రెండు మీటర్లు, దాని మీద లైట్లు. రైల్వే అండర్ బ్రిడ్జిల ముందు ఇనుప కమ్మీలు, ఊళ్లలో కిందికి వేలాడే కరెంటు తీగలు ఉన్నాయి.

చట్టం, ఇన్సూరెన్స్ సంగతి కాస్త జాగ్రత్తగా చదవండి, ఇందులో సగం నమ్మకాలు తప్పు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. "లారీ మీద పెట్టుకుపోతే పోలీసు ఏమీ అనడు" అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ సెక్షన్ మాట్లాడేది మార్పు గురించి, ఎవరు నడిపారన్నదాని గురించి కాదు. లారీ ఎక్కించినంత మాత్రాన మార్పు చట్టబద్ధం అయిపోదు. మార్పులను ఆర్టీవో ఒప్పుకునే హద్దులోనే ఉంచుకోవడం ఒక్కటే నిశ్చింత.

ఇన్సూరెన్స్‌లో మాత్రం చాలామందికి తెలియని మంచి విషయం ఒకటి ఉంది. మన దేశంలో ప్రైవేటు కార్లకు ఇచ్చే ప్యాకేజీ పాలసీలో బండిని రోడ్డు మీదో, రైలులోనో తరలిస్తుండగా జరిగే నష్టం కూడా ఉంటుంది. అంటే లారీ మీద ఉన్నా మీ పాలసీ నిద్రపోదు. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాళ్లకు ఇది వర్తించదు. అదే పాలసీలో రేసులు, స్పీడ్ టెస్టులు, రిలయబిలిటీ ట్రయల్స్ వంటి వాడకాన్ని మినహాయించి ఉంటారు, కాబట్టి పోటీ జరిగే చోట విరిగిన యాక్సిల్‌కు క్లెయిమ్ ఆశించవద్దు. చెప్పకుండా చేసిన మార్పులు ఏ క్లెయిమ్‌నైనా ఇరుకున పెడతాయి. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కు ఫోన్ చేయవచ్చు. ఆ సాయం రోడ్డు మీది ఆపద తప్పించడానికి, ఇంటి దాకా దింపడానికి కాదు. వంకలోకి అసలు రారు.

ఇక్కడ ఒక్క మాట. నల్లమలలోకి, కడప జిల్లా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోకి జీపుతో దారి చేసుకుంటూ పోవాలని ఎవరైనా పిలిస్తే పోవద్దు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడింది ఆ కంపల్లోనే. నేల మీద తిరిగే చిన్న పక్షి అది. మా ఆటకు పట్టా భూములున్నాయి, అడిగితే ఒప్పుకునే రైతులున్నారు. మేము పోయిన వంక కూడా మా వదిన తమ్ముడి పొలంలోదే.

మరి ఎంత దూరమైతే నడపాలి? దీనికి నాకు దొరికిన జవాబు, బండిలో అన్నిటికంటే బలహీనమైన భాగాన్ని అడగడం. మార్పులు పెద్దగా లేని బండి, రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే మంచి ఆల్ టెరైన్ టైర్లు, స్టీరింగ్‌లో వదులు లేదు అంటే అనంతపురం నుంచి గండికోట దాకా కూడా నిశ్చింతగా నడుపుకుని పోయి రావచ్చు, పగలు వెనక్కి బయల్దేరితే. ఎత్తు లేపి, మడ్ టైర్లు వేసిన మా జిప్సీ లాంటిదైతే పోయేటప్పుడు 60లో నడుపుతాను, వచ్చేటప్పుడు ఎక్కించే ఏర్పాటు పెట్టుకుంటాను, అవసరం పడకపోతే అడ్వాన్సు పోతుంది, పోనీ. వెల్డింగ్ డిఫరెన్షియల్, తలుపులు కోసేసిన బండి అయితే పక్క ఊరికైనా లారీయే. మూడో దారి కూడా ఉంది, మా జట్టులో ఒకతను అదే చేస్తున్నాడు. బండిని తాడిపత్రిలోనే మేనమామ షెడ్డులో ఉంచేశాడు. ఆదివారం బస్సులో పోతాడు, బస్సులో వస్తాడు.

ఆ రాత్రి పదకొండున్నరకు ఐషర్ మా వీధి చివర చెరువు కట్ట పక్కన ఆగింది. దించడానికి అక్కడ అరుగు లేదు, కట్ట ఎత్తు సరిపోయింది. డ్రైవర్ అన్న డబ్బు లెక్కపెట్టుకుని, "ఇంగ వచ్చేటప్పుడు ముందుగా ఫోన్ చెయ్ తమ్ముడూ, ఆదివారం నేను తాడిపత్రి నుంచి ఖాళీగానే వస్తా" అన్నాడు. అప్పటినుంచి శుక్రవారం రాత్రే ఆయనకు ఫోన్ చేస్తున్నాను. టూల్ బాక్సులో రెండు సెంటర్ బోల్టులు పెట్టుకున్నాను, నట్లతో సహా.